కట్టెలు పేర్చిన అక్క

ఫార్మింగ్టన్ హిల్స్
జనవరి 16

చిరంజీవి నమ్రతకు,

మొన్న మంగళవారం ఉదయం సంగతి ముందు రాస్తాను. అడగవలసింది తర్వాత అడుగుతాను.

ఆరింటికి లేచాను. రాత్రి పడిన మంచు వాకిట్లో మోకాలెత్తు ఉంది. మీ బావగారు టోపీ పెట్టుకుని, పార పట్టుకుని డ్రైవ్‌వే తీయడానికి వెళ్ళారు. నేను దీపం పెట్టి, స్తోత్రం ముగించి, పొయ్యి మీద పెనం పెట్టాను. ఏడుంపావుకు నైనిక మేడ దిగివచ్చింది. తల దువ్వుకోలేదు. ఒక కాలికే సాక్సు ఉంది. చేతిలో నువ్వు పంపిన కవరు. నీ ఇంగ్లీషు కవితల పుస్తకం అచ్చు ప్రూఫులు దానికి సోమవారమే అందాయట, నాకు చెప్పలేదు.

"పెద్దమ్మా, సెకండ్ దోశ క్రిస్పీగా," అని కుర్చీలో కాళ్ళు ముడుచుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. నాలుగేళ్ళుగా స్కూల్లో లాటిన్ చదువుతోంది కదా, ఆ రోమన్ పురాణాలు దానికి మన ఇంటి కథల్లా వచ్చేశాయి. దేవుడి నుంచి పారిపోతూ చెట్టుగా మారిపోయిన పిల్ల. దానిమ్మ గింజలు తిని పాతాళంలో ఉండిపోయిన పిల్ల. చేతి కడియాలకు ఆశపడి కోట తలుపు తెరిచి, డాళ్ళ కింద నలిగిపోయిన పిల్ల. ప్రతిదానికీ అర్థం చెబుతోంది. నేను దోశలు వేస్తున్నాను.

మీ బావగారు బూట్లు దులుపుకుంటూ లోపలికి వచ్చారు. "మీ పిన్ని పుస్తకంలో ఇప్పటికి ఎంతమంది పోయారే?" అన్నారు.

"ఫోర్టీన్, పెదనాన్నా. ఇంకా హాఫే చదివా."

"ఆఫీసులో ఆవిడకి పని తక్కువైనట్టుంది."

అది నవ్వింది. తర్వాత పదిహేనోది చదివింది. ఓడలెక్కి వెళ్ళిపోయిన వీరుడు, వెనక మిగిలిన రాణి, రాణి అడిగితే కట్టెలు పేర్చిన తోబుట్టువు. చదవడం అయ్యాక కాసేపు దోశ ముట్టుకోలేదు.

"పెద్దమ్మా, క్లాస్‌లో మేం చదివిన స్టోరీలో తను రాణికి చెల్లి. పిన్ని అక్కని చేసింది. ఎందుకు?"

"నాకేం తెలుసమ్మా. తిను, బస్సు వస్తుంది."

"మార్చ్‌లో మా లాటిన్ నైట్ ఉంది కదా, స్టేజ్ మీద ఇదే చదువుతా. పిన్నిని జూమ్‌లో పిలుద్దాం. షి విల్ క్రై."

ఏడూ నలభైకి బస్సు వచ్చింది. రెండో సాక్సు బస్సులో వేసుకుంటానని చేత్తో పట్టుకుని పరుగెత్తింది. అది వెళ్ళాక ఆ పేజీ తీసి నాకు వచ్చినంతలో చదువుకున్నాను.

మీ చిన్నక్క విద్య పోయి ఈ ఏప్రిల్‌కు ఏడేళ్ళు. నిద్రలో అమ్మ గుండె ఆగిపోయిందని పదేళ్ళ పిల్లకు నేనే చెప్పాను. మీరంతా అదే మాట మీద ఉన్నారు. ఇప్పుడు అది నీ కవిత చేత్తో పట్టుకుని, తన తల్లి ఎలా వెళ్ళిందో తెలియకుండా, నలుగురి ముందు చదవబోతోంది.

ఆ ఒక్కటి పుస్తకంలోంచి తీసేయి. అడిగేది ఇదే.

ఫోన్ చేయకు. వంటింట్లో మాట మేడ మీదికి వినిపిస్తుంది. మెయిల్ నా ట్యాబ్‌లో అది కూడా చూస్తుంది. గుడి ఆఫీసు అడ్రసుకు రాయి. శనివారం వెళ్ళినప్పుడు తీసుకుంటాను.

అక్క


రెడ్‌మండ్
జనవరి 25

అక్కా,

కవరు మీద నీ చేతిరాత చూసి ముందు ఎవరో పోయారనుకున్నాను. లోపల చదివాక అంతేననిపించింది.

తీయను.

కోపంతో అంటున్న మాట కాదిది. నాలుగేళ్ళు తెల్లవారుజామున లేచి, ఆఫీస్‌కి వెళ్ళేలోపు గంట గంట చొప్పున రాసుకున్న పుస్తకం. ఇరవై ఆరు కవితల్లో నేను నిజంగా రాయాలనుకున్నది అదొక్కటే. మిగతా రోమన్ దేవతలందరినీ దాని చుట్టూ కాపలా పెట్టాను, ఎవరి కంటా పడకూడదని. నైనిక మొదటిరోజే పట్టేసింది చూడు.

నీకు ఇంగ్లీషులో ఎంతవరకు అందిందో తెలియదు. తెలుగులో ఇలా వస్తుంది:

ఒక్కో కట్టె ఎత్తినప్పుడు అక్క అడిగింది, ఇది చాలా?
ఇంకొకటి, అంది రాణి.
అతని చొక్కా, అతని కత్తి, అతను పడుకున్న పక్క,
అన్నీ కాల్చేసి మర్చిపోతాను, ఇంకొకటి.
అక్క చేతులకు పచ్చి చెక్క వాసన.
ఆమెకు తెలియదు.
దేవతలారా, రాసుకోండి: ఆమెకు తెలియదు.

ఆ కథలో రాణి తోబుట్టువును నమ్మిస్తుంది. వెళ్ళిపోయినవాడి వస్తువులు కాల్చాలి, చితి పేర్చిపెట్టు అంటుంది. చితి తన కోసమేనని చెప్పదు. ఎందుకు అక్కను చేశానని అడిగిందా నైనిక? నువ్వు జవాబు చెప్పలేదా?

ఆ ఫిబ్రవరి నాకు బాగా గుర్తుంది. రాజ్ చిన్నక్కను వదిలి డాలస్ వెళ్ళిపోయి అక్కడినుంచి డివోర్స్ పేపర్స్ పంపాడు. చిన్నక్కది డిపెండెంట్ వీసా. డివోర్స్ అయిన రోజే స్టేటస్ పోతుంది. పిల్ల అమెరికన్, తల్లి వెళ్ళిపోవాలి. చిన్నక్క నిన్నూ నన్నూ ఆష్‌బర్న్‌లో తన ఇంటికి పిలిపించింది. నిన్ను నోటరీ దగ్గరకు తీసుకెళ్ళి, నైనికకు గార్డియన్‌గా నీ పేరు రాసి సంతకం పెట్టించుకుంది. "లాయర్ పెట్టమన్నాడక్కా, ఊరికే ఫార్మాలిటీ" అంది. నువ్వు పెట్టావు. ఇంటికొచ్చి పులిహోర కలిపావు. ముగ్గురం తిన్నాం. రెండు నెలలకు తను లేదు.

నిన్ను ఎవరూ ఏమీ అనలేదు. నువ్వే ఏడేళ్ళుగా ఏదో మోస్తున్నట్టు నడుస్తున్నావు. ప్రతి ఏప్రిల్ గుడిలో తన పేరు మీద అర్చన చేయించి, అందరికీ వడ్డించి, నువ్వు మాత్రం తినవు. ఆ కవిత నీ కోసం రాశానక్కా. సంతకం పెట్టిన చెయ్యికి ఏమీ తెలియదని ఒకరైనా అచ్చులో చెప్పాలని.

నువ్వు నైనికను కాపాడుతున్నానంటున్నావు. నిజంగా నైనికనేనా?

నమ్రత


ఫార్మింగ్టన్ హిల్స్
ఫిబ్రవరి 8

నమ్రతా,

నీ ఉత్తరం గుడి మెట్ల మీద కూర్చుని చదివాను. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. అయినా రెండోసారి చదివాను.

నీ కవిత బాగుంది. కాని నిజం కాదు.

ఎందుకో రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. రెండుసార్లూ లేచి అంట్లు తోముకున్నాను.

నైనిక దాన్ని కంఠస్థం చేస్తోంది. షవర్ కింద గట్టిగా చెప్పుకుంటుంది. తలుపు ఇవతల బట్టలు మడతపెడుతూ వింటున్నాను. ఆ చివరి మాట దగ్గర గొంతు మార్చి మూడు నాలుగు రకాలుగా చెప్పి చూసుకుంటోంది. ఆమెకు తెలియదు. ఆమెకు తెలియదు.

నాకు కోపం లేదు. నువ్వు నా మీద జాలితో రాశావు. ఆ జాలి నాకు చెందదు. ఆ మాటైనా తీసేయి.

మీ బావగారికి బి.పి. మందు మార్చారు. తగ్గింది.

అక్క


రెడ్‌మండ్
ఫిబ్రవరి 19

అక్కా,

ఏది నిజం కాదు? నీకు ఒక వాక్యం రాయడానికి అంట్లన్నీ తోముకోవాలి. నాకు ఆ వాక్యం లేకుండా ఆఫీసు పని సాగడం లేదు. నిన్న మీటింగ్‌లో నా పేరు మూడుసార్లు పిలిచారట.

ఈ సంగతి నీకు చెప్పకూడదనుకున్నాను. చెప్పక తప్పదు. పోయిన ఆదివారం నైనిక నాకు మెసేజ్ పెట్టింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"పిన్నీ, ఆ పోయెమ్ అమ్మ గురించా? నలభై ఏళ్ళకి స్లీప్‌లో హార్ట్ ఆగిపోతే డాక్టర్స్ ఏదో ఒక రీజన్ చెప్తారు కదా. నాకు ఎవరూ ఏ రీజనూ చెప్పలేదు. పెద్దమ్మని అడిగితే దోశ తిప్పుతుంది. పెదనాన్నని అడిగితే జోక్ వేస్తాడు. మే నెలలో నాకు ఎయిటీన్. ప్లీజ్ డోంట్ బి నైస్."

నేను అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. "కొంచెం టైమ్ ఇవ్వు" అన్నాను. "ఓకే. దట్ మీన్స్ యెస్" అని పెట్టింది. తర్వాత ఏమీ లేదు.

కాబట్టి ఇక నా కవిత ఉంచాలా తీయాలా అన్నది చిన్న విషయం. పుస్తకం మార్చి 20న ప్రెస్‌కి వెళ్తుంది. అప్పటిదాకా ఏ పదమైనా మార్చగలను. కాని ఆ పిల్ల తన తల్లి గురించి తెలుసుకునేది నా పుస్తకం వల్లా కాకూడదు, తన ఊహ వల్లా కాకూడదు. నీ నోట వినాలి. నువ్వు పెంచావు.

నిజం కానిది ఏమిటో ముందు నాకు చెప్పు. పోయిన రోజు ఉదయం చిన్నక్క నీకు చేసిన ఫోన్లు నాకు తెలుసు. పోలీసులు చెప్పారు. మూడు. నీ ఫోన్ వంటింట్లో ఛార్జింగ్‌లో ఉంది, నువ్వు పూజగదిలో సప్తాహంలో ఉన్నావు. అందరికీ తెలిసిన సంగతే అది. ఏడు రోజుల పారాయణలో కూర్చున్న మనిషి లేవకూడదని చిన్నప్పటినుంచి మన ఇంటి పద్ధతి. దానికి నిన్ను తప్పుపట్టే మనిషి మన ఇంట్లో లేడు.

ఇంకేముంది?

నమ్రత


ఫార్మింగ్టన్ హిల్స్
మార్చి 1

నమ్రతా,

ఇవాళ అంట్లు తోముకోకుండా రాస్తున్నాను. ఇంట్లో ఎవరూ లేరు.

ఫోన్ వంటింట్లో లేదు. పీట పక్కనే ఉంది.

ఆ సప్తాహం విద్య కోసమే పట్టాను. దాని సంసారం నిలబడాలని, లేదంటే కనీసం వీసా నిలబడాలని. ఆరో రోజు శనివారం. ఎనిమిదీ నలభైకి ఫోన్ వెలిగింది. విద్య పేరు. నేను చదువుతున్న పంక్తి మీద వేలు పెట్టుకుని ఫోన్ వైపు చూశాను. ఆగిపోయింది. మళ్ళీ వెలిగింది. రెండోసారి ఆగాక ఫోన్ బోర్లించాను. మూడోసారి పీట కింద వణుకు తెలిసింది.

లేవకూడదన్న నియమం ఉంది. నిజమే. కాని మీ బావగారికి ఆ వారంలోనే ఒకరోజు కళ్ళు తిరిగితే లేచాను. దేవుడికి నమస్కారం పెట్టి, లేచి వెళ్ళి, నీళ్ళిచ్చి, వచ్చి మళ్ళీ కూర్చున్నాను. లేవవచ్చునని నాకు తెలుసు.

ఆ ఉదయం నా మనసులో ఉన్నది వ్రతం కాదు. విసుగు. మూడు నెలలుగా రోజూ ఫోన్. రోజూ అదే ఏడుపు. ముందురోజు గంటన్నర విన్నాను. ఇవాళ ఒక్కపూట వద్దు అనుకున్నాను. ఏడుస్తుంది, ఏడ్చి ఊరుకుంటుంది, గంట ఆగితే ఏమవుతుంది అనుకున్నాను. అనుకుని దేవుడి పుస్తకంలోకి తల దించుకున్నాను.

సంతకం సంగతి కూడా విను. నోటరీ ఆఫీసు బయట కారులో అది నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నైనిక నీ దగ్గర బాగుంటుంది కదూ" అంది. ముందు జరగబోయేదాని గురించి అడిగినట్టు కాదు, ఎప్పుడో జరిగిపోయినదాని గురించి అడిగినట్టు అడిగింది. "పిచ్చిమాటలు మాట్లాడకు" అన్నాను. ఇంటికొచ్చి పులిహోర కలిపాను. పిసికిన చింతపండునే మళ్ళీ మళ్ళీ పిసికాను. ఎందుకని నన్ను నేను అడగలేదు.

నీ కవితలో అక్కకు తెలియదు. నాకు తెలుసు. తెలిసినదాన్ని వినకుండా ఉండడం నాకు బాగా వచ్చు.

ఇంకొకటి ఉంది. మెసేజ్ లేదని పోలీసులకూ మీకూ చెప్పాను. ఉంది. నలభై ఒక్క సెకన్లు. పదీ ఐదుకు లేచి విన్నాను. అందులో ఏడుపు లేదు.

"అక్కా, నైనికను వాళ్ళ ఫ్రెండ్ బర్త్‌డేకి దింపి వచ్చాను. రేపు సాయంత్రం దాకా అక్కడే. దానికి పల్లీ పడదు, మందు ఇంజెక్షన్ బ్యాక్‌ప్యాక్ ముందు అరలో ఉంది, మర్చిపోకు. రాత్రి పడుకునేటప్పుడు వీపు రాయాలి. సరే, పూజలో ఉన్నట్టున్నావు. చదువుకో."

విన్న వెంటనే తెలిసింది. ఫోన్ చేశాను, ఎత్తలేదు. పోలీసులకు చేశాను. వాళ్ళు వెళ్ళేసరికి అయిపోయింది. ఎనిమిదీ నలభైకి ఎత్తి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ప్రాణం పోయింది తొమ్మిది దాటాకేనని డాక్టరు అన్నాడు.

ఆ పాత ఫోన్ నా చీరల అరలో ఉంది. నెలకోసారి ఛార్జింగ్ పెడతాను. ఎవరికీ వినిపించలేదు. మీ బావగారికి కూడా.

ఇన్నాళ్ళూ ఇది దేవుడి ముందు చెప్పుకున్నాను. దేవుడు వింటాడు, తిరిగి ఏమీ అనడు. అందుకని సుఖంగా ఉండేది.

అక్క


రెడ్‌మండ్
మార్చి 7

అక్కా,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మొదటిరోజు నిన్ను అసహ్యించుకున్నాను. నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ ఈ మాట రాస్తున్నాను. రెండోరోజు, ఆ వారంలో చిన్నక్క నాకు చేసిన ఫోన్లు లెక్కపెట్టుకున్నాను. నేను ఎత్తినవి ఎత్తనివి. "ఇన్ ఎ మీటింగ్, విల్ కాల్" అని నా ఫోన్ తనంతట తనే జవాబు పంపిందట ఆ గురువారం. నేను తిరిగి చేయలేదు. ఈ మాట నిన్ను ఓదార్చడానికి కాదు.

రాత్రి పడుకునేటప్పుడు వీపు రాయాలి. ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఏడేళ్ళుగా దాని వీపు రాస్తున్నావు కదా, నాకు తెలుసు, వచ్చినప్పుడు చూశాను. అది చిన్నక్క చెప్పిందని నాకు తెలియదు.

నైనికకు చెప్పు. అంతా. మెసేజ్ ఉందని కూడా. లాటిన్ నైట్‌కు ముందే చెప్పు.

నన్ను రమ్మని అడుగుతావేమో. రాను. నేను ఉంటే అది నా భుజం మీద వాలుతుంది. నువ్వు లేచి టీ పెట్టడానికి వెళ్తావు. లేవకుండా కూర్చో.

ఏం జరిగిందో రాయి. కవిత గురించి నేను ఏమీ నిర్ణయించను. అది చెప్పినట్టే చేస్తాను.

నమ్రత


ఫార్మింగ్టన్ హిల్స్
మార్చి 16

నమ్రతా,

నిన్న సాయంత్రం చెప్పాను.

నాలుగింటికి ముగ్గురం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాం. మీ బావగారికి ముందుగా ఏమీ చెప్పలేదు. ఇద్దరూ ఒకేసారి వినాలనుకున్నాను. గుండె ఆగడం అబద్ధమన్న దగ్గర నైనిక కదలలేదు. "ఐ న్యూ," అంది. తనే వెళ్ళిపోయిందన్న మాటను తెలుగులో చెప్పలేకపోయాను. నైనికే ఇంగ్లీషులో చెప్పి, "అంతేనా?" అని అడిగింది. అంతేనన్నాను. మీ బావగారు దాని వీపు మీద చెయ్యి వేశారు. ఉండనిచ్చింది.

తర్వాత ఫోన్ సంగతి చెప్పాను. అప్పుడు ఆయన చెయ్యి తీసేసి నా వైపు చూశారు.

"ఏడేళ్ళు, మల్లేశ్వరీ," అన్నారు. "నేను పక్కనే ఉన్నాను కదా."

నైనిక అడిగింది: "ఎన్నిసార్లు చేసింది?"

"మూడు."

"నువ్వు చూశావా? నేమ్ చూశావా?"

"చూశాను."

"పూజ వల్ల ఎత్తలేదా?"

"కాదు. విసుగేసి ఎత్తలేదు."

"థాంక్యూ ఫర్ నాట్ సేయింగ్ పూజ," అంది. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది.

ఏడ్చింది మీ బావగారు. అది లేచి ఆయనకు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నాకు తేలేదు. నేను లేవకుండా కూర్చున్నాను.

నోటరీ దగ్గర కారులో విద్య అడిగిన మాట చెబితే, "ఏమన్నావు?" అంది. పిచ్చిమాటలు మాట్లాడకు అన్నానని చెప్పాను. "నన్ను కూడా చాలాసార్లు అదే అన్నావు, పెద్దమ్మా," అంది. అది నిజమే. స్కూల్లో బాధలు ఏవైనా చెప్పబోతే నేను అనే మాట అదే. నాకు తెలియకుండానే అంటాను.

చీకటి పడేవేళకు కొన్ని నిర్ణయాలు జరిగాయి. నువ్వు రాయమన్నావు కనుక రాస్తున్నాను.

కవిత పుస్తకంలో ఉంటుంది. నైనిక ఉంచమంది. "ఆమెకు తెలియదు" అన్న పంక్తి తీసేయమంది. "బదులు ఏం పెట్టాలో పిన్నికే తెలుసు, నాకు పంపనక్కర్లేదు," అంది. లాటిన్ నైట్‌లో చదవదు. వేరే అమ్మాయి ఎవరో ఇంకేదో చదువుతుంది.

ఏప్రిల్‌లో గుడిలో విద్య పేరున అర్చన అయ్యాక, భోజనాలకు ముందు, తను ఎలా పోయిందో నేను అందరికీ చెప్పాలి. మీ బావగారు "అక్కడెందుకు, పిల్ల పరువు" అన్నారు. "నా పరువు కాదు పెదనాన్నా, అబద్ధం అక్కడే ఎక్కువ చెప్పారు," అంది. ఒప్పుకున్నాం. రాజ్‌కు మీ బావగారు ఫోన్ చేసి చెబుతారు.

స్కూలు అయ్యేదాకా నైనిక ఇక్కడే ఉంటుంది. జూన్ రెండో వారంలో నీ దగ్గరికి వస్తుంది. కాలేజీ కూడా అటువైపే చూసుకుంటానంది. వెళ్ళవద్దని నేను అనలేదు. రాత్రి వీపు రాయడానికి తన గదికి రావద్దని చెప్పింది. సరేనన్నాను.

మెసేజ్ ఇప్పుడు వినదట. రెడ్‌మండ్ వచ్చాక, నీ పక్కన కూర్చుని వింటుందట. అప్పటిదాకా ఆ ఫోన్ ఎవరి దగ్గర ఉండాలన్నది చివరగా మాట్లాడుకున్నాం. నేను తెచ్చి టేబుల్ మీద పెట్టాను. నైనిక ఛార్జర్ తీగ దాని చుట్టూ చుట్టి మీ బావగారి చేతికి ఇచ్చింది. నా దగ్గర మాత్రం ఉండకూడదని నిర్ణయం.

అక్క